పెద్ద సాల్ట్‌వాటర్ ట్యాంక్: ఏ చేపతో ఏ చేప పడుతుంది?

పోయిన ఎపిసోడ్‌లో ఆరడుగుల ట్యాంక్ సెటప్ చూశాం కదా. కామెంట్లలో చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, ఇంత పెద్ద ట్యాంక్ కదా, నచ్చిన చేపలన్నీ వేసేయొచ్చా?" వద్దు. ఎందుకో నా తప్పుతోనే మొదలుపెడతాను.

నా ట్యాంక్ పొడవు 6 అడుగులు, వెడల్పు 2, ఎత్తు 2. అంటే దాదాపు 680 లీటర్లు. అందులో ఒక ఎల్లో టాంగ్ ఆరు నెలలుగా హాయిగా తిరుగుతోంది. ఒకరోజు షాపులో పర్పుల్ టాంగ్ కనిపించింది. "ట్యాంక్ పెద్దదే కదా, ఏం కాదు" అన్నారు. నాకు కావలసిందీ ఆ మాటే, అందుకే నమ్మేశాను. ఇంటికి తెచ్చి వదిలిన పది నిమిషాలకే ఎల్లో టాంగ్ దాని వెంటపడింది. టాంగ్‌లకు తోక మొదట్లో రెండు పక్కలా కత్తిలాంటి ముల్లు ఉంటుంది. దాంతో కొడుతూనే ఉంది. బయటికి తీద్దామంటే రాళ్ల మధ్య చేతికి దొరకదు. మూడో రోజు పొద్దున చూస్తే పర్పుల్ టాంగ్ చనిపోయి ఉంది. ఎక్కడో ఎర్ర సముద్రంలో పెరిగిన చేప, ఇంత దూరం వచ్చి నా తొందరకి పోయింది. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ రోజంతా ట్యాంక్ వైపు చూడలేకపోయాను.

అందుకే ఇప్పుడు చేప కొనే ముందు నాలుగు విషయాలు చూస్తాను.

ఒకటి, ఆకారం. ఒకే ఆకారం, ఒకే తిండి ఉన్న చేపలు ఒకదాన్నొకటి పోటీగా చూస్తాయి. ఎల్లో, పర్పుల్ రెండూ ఒకే జాతి కుటుంబం. నేను చూడనిది అదే.

రెండు, నోరు. లయన్‌ఫిష్ నెమ్మదిగా కనిపిస్తుంది కానీ, నోట్లో పట్టే చేప ఏదైనా మింగేస్తుంది. ట్రిగ్గర్‌ఫిష్ ఉంటే రొయ్యల మీద ఆశ వదులుకోండి.

మూడు, పెద్దయ్యాక సైజు. సినిమాలో డోరీ ఉంది కదా, ఆ బ్లూ టాంగ్ షాపులో బొటనవేలంత ఉంటుంది. పెరిగితే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది.

నాలుగు, వరుస. సాధువులు ముందు, రౌడీలు చివర. చవకగా వస్తాయని డ్యామ్సెల్స్ ముందు వేస్తే, ట్యాంకంతా మాదే అంటాయి.

మరి ఏం వేయాలి? ఒక జత ఓసెలారిస్ క్లౌన్‌ఫిష్, ఒక రాయల్ గ్రామా, ఒక ఫైర్‌ఫిష్, అన్నిటికంటే చివర ఒకే ఒక్క టాంగ్. ఫైర్‌ఫిష్ ఎగిరి బయట పడుతుంది, పైన మెష్ తప్పనిసరి. క్లౌన్‌లు అన్నీ మగవిగానే పుడతాయి, జతలో పెద్దది ఆడదవుతుంది. కాబట్టి ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. హ్యాచరీలో పుట్టినవైతే ఇంకా మంచిది. మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు క్లౌన్‌ఫిష్‌ని పుట్టించి పెంచే పద్ధతి సాధించారు. సముద్రగుర్రాలు మాత్రం ఎవరు అమ్మినా కొనొద్దు. వన్యప్రాణి చట్టం కింద అవి రక్షిత జీవులు.

ఏ చేపైనా ముందు నాలుగు వారాలు వేరే ట్యాంక్‌లో ఉంచి, తెల్లమచ్చల జబ్బు లేదని చూసుకున్నాకే లోపలికి పంపండి.

షాపుకి వెళ్లే ముందు మీ లిస్ట్ కింద కామెంట్ పెట్టండి, నేను చూసి చెప్తాను. కొన్నాక అడిగితే నేనేం చేయలేను ఫ్రెండ్స్, పట్టి తీయడం ఎంత కష్టమో చెప్పాను కదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!