ముత్యాల హారతి

తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి నేటికీ ఇస్తారు. ఆమెది 18వ శతాబ్దం. రాయలసీమలోని తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లయింది, భర్త పోయాడు. జుట్టు తీయించాలి, బొట్టు చెరపాలి అన్నారు పెద్దలు. తిరుమల స్వామే నా భర్త అంటూ ఆమె ససేమిరా ఒప్పుకోలేదని చెబుతారు. ఊరంతా ఒకవైపు నిలిస్తే, ఆ వయసు పిల్లకు ఎంత గుండె నిబ్బరం కావాలి! తలచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ బొట్టు నలుగురి మెప్పు కోసం పెట్టుకున్నది కాదు, తాను నమ్మిన దేవుడి కోసం. తర్వాత తిరుమల చేరి 'వేంకటాచల మాహాత్మ్యం' రాసింది. నలుగురి మెప్పు కోసం అద్దం ముందు దిగులుపడే చెల్లెళ్లూ, ఈసారి కొండకు వెళ్తే అన్నప్రసాద భవనం మీద పేరు చదవండి. అది ఆమెదే.