కొత్త మెమొరీ కొనే ముందు



ఇంట్లో లినక్స్ కంప్యూటరు నెమ్మదించగానే ‘మెమొరీ చాలదు, కొత్తది వేయించండి’ అనే సలహా వస్తుంది. పెన్షను డబ్బు తీసే ముందు టెర్మినల్ తెరచి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ‘టాప్’ అని కొట్టండి. 1984లో విలియం లెఫేవర్ యూనిక్సుకు రాసిన పనిముట్టు ఇది. లినక్స్‌లో అదే పేరుతో వేరే కూర్పు ఉంది. ఏ ప్రోగ్రాము ప్రాసెసరును ఎంత వాడుతున్నదో కొద్ది సెకన్లకొకసారి చూపుతుంది. షిఫ్టుతో ‘ఎం’ నొక్కితే మెమొరీ ఎక్కువ తింటున్నవి పైకొస్తాయి. తరచు అక్కడ కూర్చునేది బ్రౌజరే! మనవలు తెరచి వదిలేసిన పేజీలన్నీ అందులోనే ఉంటాయి మరి.

పైవరుసలో ‘లోడ్ యావరేజ్’ అని మూడంకెలుంటాయి. గడచిన 1, 5, 15 నిమిషాల సగటులవి. నాలుగు కోర్ల యంత్రంలో అది 4 దాటి నిలిచిందంటే పనులు వరుసలో నిలబడ్డాయన్నమాట, ట్రెజరీ కౌంటరు ముందు మనం నిలబడ్డట్టు. డిస్కు కోసం ఎదురుచూసేవీ ఆ లెక్కలోనివే.

‘ఫ్రీ’ అంకె చిన్నదని కంగారు వద్దు. ఖాళీ మెమొరీలో లినక్స్ ఫైళ్ల నకళ్లు దాచుకుంటుంది, అవసరమైతే చాలావరకు వెంటనే వదిలేస్తుంది. చేతిలో నగదు తక్కువైనా సేవింగ్స్ ఖాతాలో ఉన్నట్టే. మనం చూడవలసింది ‘అవైల్ మెమ్’. అది బాగా పడిపోయి, ‘స్వాప్’ వాడకం పెరుగుతూ పోతుంటే అప్పుడు కొనండి.

బయటకు రావడానికి ‘క్యూ’ నొక్కితే చాలు.