సమాధి శిలలకు ఛాయాచిత్రములు

మదనపల్లె యనగానే పెద్దలకు బిసెంటు దివ్యజ్ఞాన కళాశాల స్ఫురించును. 1915లో వెలసిన ఆ కళాశాలకు 1919లో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి, 'జనగణమన'ను ఇక్కడనే ఆంగ్లీకరించెను. ఆ ముచ్చట విని కళాశాలను చూడవచ్చువారు కలరు. ఆ చుట్టుప్రక్కల పాత సమాధులను చూడవచ్చువారు మాత్రము అరుదు. పెద్దమండ్యము మొదలు మదనపల్లె వరకు గల గోరీలను, సమాధుల తోటలను ఛాయాచిత్రములుగా భద్రపరుపవలెనని మేము కొందరము కొంతకాలముగా తిరుగుచున్నాము.

ఈ సీమలో సమాధులు ఒక్క తీరువి కావు. గుర్రంకొండలో టిప్పు సుల్తాను మేనమామ మీర్ రజా అలీఖాను మక్బరా గుమ్మటముతో నిలిచియున్నది. బండలను నిలువుగా పాతి, పైన మూతరాయి పరచిన ఆదికాలపు సమాధులు కొండవాలులలో కలవు; జనులు వానిని పాండవుల గుళ్ళందురు. గుడి యను పేరే వానికి కొంత రక్షయైనదని మా యూహ.

1905లో జూలియన్ జేమ్స్ కాటను మదరాసు రాజధానిలోని సమాధి శాసనములను పట్టికగా అచ్చొత్తించెను. అందు దొరల సమాధులే మిక్కుటము. 1911 వరకు మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనిదగుటచే, అట్టి పాత పట్టికలలో దీనిని చిత్తూరు క్రింద వెదకిన లాభము లేదు.

శిలను చిత్రించుట వెలుగుతోడి పని. ఎండ రాతి ముఖమును ఒరసికొని పోవునపుడే అరిగిన అక్షరములు పైకి తేలును. పరచిన శిలకు ఉదయ సాయంకాలములు మేలు. తూర్పుముఖముగా నిలిపిన శిలకు మధ్యాహ్నమునకు కొంచెము ముందు మేలు. ఎండ పడని చోట ప్రక్కనుండి అద్దముతో వెలుగు మళ్ళింతుము. అపుడు కాని, కనబడునది అరసున్నయో రాతి గుంటయో తేలదు. సుద్ద రుద్దుట, నూనె పూయుట, ఆమ్లముతో కడుగుట ఎంతమాత్రమును కూడదు. మెత్తని కుంచె చాలును. కెమెరా యేదైనను సరే, చేతిలోని ఫోనైనను సరే.

అయితే చెక్కని పేరును ఏ కెమెరా పట్టగలదు? ఒక పల్లెలో మేము చెక్కడపు రాళ్ళనే తీయుచుండగా ఒక ముసలమ్మ వచ్చి, ఒట్టి గుండురాయిని చూపి, "ఈ రాయి గూడా తీయండి సామీ, మా నాయనది" అన్నది. తీసితిమి. ఆమె చెప్పిన పేరును, ఆయన చేసిన వడ్రంగపు పనిని పుస్తకములో వ్రాసికొంటిమి. ఆ వ్రాత లేనిచో ఆ పటము ఉత్త రాతి పటమే. నాటినుండి అడుగక ఏ రాతిని విడుచుట లేదు.

దూరపు కుటుంబములకును ఈ పని అక్కరకు వచ్చును. 1915లో నెలకొన్న ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయమునకు ఎక్కడెక్కడి రోగులో వచ్చెడివారు. స్ట్రెప్టోమైసిను ఇంకను లేని దినములవి. ఊరుగాని ఊరిలో కన్నుమూసిన వారి మనుమలకు ఒక్క పటమే దర్శనము కావచ్చును.

మీ యూరిలో ఏ రాయి ఎవరిదో ఎరిగిన వృద్ధులున్నచో, కెమెరాకంటె ముందు కాగితము తీసికొని వారి కడకు పొండు. పటము తీయుటకు బంధువుల అనుమతి అడుగుడు. సంక్రాంతి వెళ్ళి గడ్డి ఎండిన పిమ్మట మేము తక్కిన తోటలకు బయలుదేరుదుము.