కొత్త చెట్టుకు మూడు ప్రశ్నలు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బయటి దేశపు చెట్టు ఏదైనా వస్తుందంటే మనం ముందు అడిగేది ఎకరానికి ఎంత వస్తుందని. అంతకన్నా ముందు అడగవలసింది ఒకటుంది. అది మనం వేసిన గట్టు లోపలే ఉంటుందా?

అరకు వైపు వెళ్లినవారు పైన్ తోటలు చూసే ఉంటారు. న్యూజిలాండ్‌లో పైన్ జాతులేవీ సహజంగా లేవు. కలప కోసం, కొండవాలుల్లో మట్టి కొట్టుకుపోకుండా తెచ్చి నాటారు. వాటిలో ఉత్తర అమెరికా నుంచి వచ్చిన లాడ్జ్‌పోల్ పైన్ ఒకటి. దాని గింజ చిన్నది, రెక్క ఉంటుంది, గాలికి కిలోమీటర్ల దూరం పోతుంది. గొర్రెలు మేసే బీళ్లలోకి పాకింది. గడ్డి తగ్గింది, వాగులకు చేరే నీరూ తగ్గింది. 2016లో అక్కడి ప్రభుత్వం దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టవలసి వచ్చింది. అదే దేశంలో రేడియేటా అనే మరో పైన్ కలప పరిశ్రమకు ఆధారం. అదీ కొంత పాకుతుంది, కానీ అంత ఉధృతంగా కాదు. అంటే ప్రమాదం జాతిని బట్టి ఉంటుంది.

ఈ తేడాను ముందే పట్టవచ్చు. రెజ్మానెక్, రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్తలు పైన్ జాతులను పోల్చి 1996లో మూడు గుర్తులు చెప్పారు. గింజ చిన్నదా? చెట్టు త్వరగా కాపుకు వస్తుందా? భారీ కాపుల మధ్య ఎడం తక్కువా? మూడింటికీ అవునంటే జాగ్రత్త పడాలి. నాటే చోటు కూడా చూడాలి. గాలి వాలున ఖాళీ బీడు ఉంటే ముప్పు ఎక్కువ, మేత బాగా పడే చోట తక్కువ. ఆస్ట్రేలియాలో కొత్త మొక్కను రానిచ్చే ముందు 49 ప్రశ్నలతో మార్కులు వేస్తారు. ఆరు దాటితే తిరస్కరిస్తారు.

మన సర్కారు తుమ్మను ఎవరూ ఇలా అడగలేదు. 1870లలో కడప జిల్లా కమలాపురంలో వేశారు. కాయలు తిన్న పశువులు గింజలను ఊరూరా చేర్చాయి. పచ్చకొమ్మ మిగలకుండా నరికితే పైన్ చాలావరకు చస్తుంది. తుమ్మ మళ్లీ చిగురిస్తుంది. చెట్టు నాటింది ఒకరు, ముళ్లు కొట్టించే కూలి మాత్రం మనది.

అందుకే మన కోరికలు రెండు. కొత్త జాతి మొక్కలు పంచే ముందు ఈ అంచనాను తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. అది పక్క పొలాల్లోకి పాకితే తొలగించే ఖర్చు తెచ్చినవారే భరించాలి. ప్రతి గ్రామ శాఖ దీనిపై తీర్మానం చేసి పంపాలని కోరుతున్నాను. మొలకను చేత్తో పీకేయవచ్చు. కాపుకు వచ్చిన అడవిని పీకలేం.