రేవు దీపములు - తాబేటి పిల్లలు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వర్తకులమైన మేము వన్యప్రాణులను గూర్చి ప్రసంగింప నిలుచుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. ధరవరలు చెప్పవలసిన నోట తాబేళ్ల మాట యేల వచ్చెనో మొదట విన్నవించెదము.

ఋషికుల్య మొగకు సమీపమున మాకొక సరకు గిడ్డంగి గలదు. దొంగల భయమున దాని చూరునకు పెద్ద దీపమొకటి కట్టి రాత్రియెల్ల వెలిగించుచుంటిమి. కొన్నేండ్ల క్రిందట ఏప్రిల్ మాసమున తెల్లవాఱుజామున జాలరి పెద్ద యొకరు వచ్చి, "షావుకారుగారూ, మీ దీపం కింద ఏముందో ఒకసారి చూడండి" అనెను. చూచితిమి. అరచేత నిముడునంత తాబేటి పిల్లలు వందలకొలదిగ గోడ మొదట పడియుండెను. సగము చచ్చియుండెను. తక్కినవానిని ఆయన గంప కెత్తి నీటియొడ్డునకు కొనిపోవుచు, "వీటికి సముద్రం మీది వెలుగే దారండి. మీ దీపాన్నే సముద్రమనుకున్నాయి" అనెను. నాటి సిగ్గే నేటి ప్రసంగమునకు మూలము.

ఈ తాబేళ్లను ఆలివ్ రిడ్లే లందురు. ఋషికుల్య సముద్రమున గలియుచోట, పురుణబంధ, గోఖర్‌కుద, పోడంపేట గ్రామముల చెంత, ఇవి గుంపులుగ నొడ్డెక్కి గ్రుడ్లు పెట్టునని శాస్త్రజ్ఞులు 1994లో లోకమునకు తెలిపిరి. 2023లో ఆఱు లక్షలకు మించియు, 2025లో దాదాపు ఏడు లక్షలును వచ్చినవి. కొన్ని యేండ్లు గుంపుగ రాకపోవుటయు గలదు. తల్లి యిసుకలో గుంట త్రవ్వి నూఱు గ్రుడ్లకు పైగ పెట్టి, పూడ్చి, మరలిపోవును. సుమారు ఏబది దినములకు పిల్లలు రాత్రివేళ వెలువడి, వెలుగున్న దిక్కునకు ప్రాకును. వేయింటిలో నొకటి పెరిగి పెద్దదగుటయే గొప్ప. అట్లు పెరిగిన ఆడుది మరల పుట్టిన తీరమునే వెదకికొని వచ్చును.

మన తాతలు గోపాలపురము రేవున ఓడ నెక్కి రంగూనునకు పోయిన కథలు మీ యిండ్లలోను వినియుందురు. ఆ పాత రేవు పోయి, దాని కుత్తరమున నేడు క్రొత్త రేవు వెలసెను. దాని వెనుకనే పరిశ్రమల వాడయు లేచెను. 2013 అక్టోబరు 12వ తేది తుపానుకు మిక్కిలి దెబ్బతినియు రేవు మరల కోలుకొనెను. మన సరకు పోవుచున్నది. మన బిడ్డలకు కొలువులు దొరకుచున్నవి. దీనిని మేము కాదనము. అయినను రేవన్న రాత్రి వెలుగు. రేవన్న సముద్రములోనికి రాతికట్టలు. మన తీరమున ఇసుక ప్రధానముగ దక్షిణమునుండి యుత్తరమునకు నడచును. కట్ట దాని నాపినచో ఉత్తరపు టొడ్డు కోసుకొనిపోవును. పోడంపేట ఇండ్లు కడలిపాలైనవి మనమెఱిగినదే. ఇసుక లేనిచోట తాబేలును లేదు, జాలరియు లేడు.

ఇక భార మెవరిమీద బడుచున్నదో చూడుడు. ఏటేట నవంబరు 1 మొదలు మే 31 వఱకు ఋషికుల్య మొగ యెదుట 20 కిలోమీటర్ల మేర మరపడవల వేట నిషిద్ధము. ఒడియావారు నోలియాలని పిలుచు ఆ బెస్తలలో అనేకులు ఇంట తెలుగు మాటాడు మన వారే. తాబేటికై వారు ఏడు మాసముల రాబడి తగ్గించుకొనుచుండగా, దీపము తగ్గించుటకు మనకు మనసొప్పకుండుట న్యాయమా?

సాధ్యముకాని కోరిక యిది కాదు. ఈ రాష్ట్రముననే 2011లో పని మొదలిడిన ధామ్రా రేవు, గహిర్మథ తాబేళ్ల అభయారణ్యమునకు సమీపమున నున్నది. నిపుణుల సలహాపై అచట దీపములకు మఱుగులు పెట్టిరి. తవ్వోడలు తాబేళ్లను పీల్చుకొనకుండ వాని మూతులకు అడ్డుకట్లు అమర్చిరి. అక్కడ చేయగలిగినది యిక్కడను చేయవచ్చును.

కావున మూడు పనులు మన సంఘము చేపట్టవలెనని ప్రార్థించుచున్నాము. మొదటిది: ఫిబ్రవరి మొదలు మే వఱకు తీరమున గిడ్డంగులు, దుకాణములు గలవారు సముద్రమువైపు దీపముల నార్పుట, తప్పనిచోట క్రిందికి వంచి మఱుగు పెట్టుట. రెండవది: క్రొత్త పరిశ్రమ వచ్చునప్పుడు జరుగు ప్రజాభిప్రాయ సేకరణకు కనీసము 30 దినముల ముందు ప్రకటన వెలువడవలెను. పర్యావరణ నివేదిక సారాంశము ఆంగ్లమునను, రాష్ట్ర భాషలోనో స్థానిక భాషలోనో ఉండవలెనని 2006 నాటి ఉత్తరువు చెప్పుచున్నది. దానిని తెలుగున వ్రాసి జాలరి పల్లెలలో చదివి వినిపించుట మన విధి. 1936లో సరిహద్దు గీతకు ఇవతల మిగిలిన మనకు భాష యెందుకన్న ప్రశ్నకు ఇంతకన్న మంచి జవాబు లేదు. మూడవది: జాలరులకు అప్పులిచ్చిన వర్తకులు ఆ యేడు మాసముల వడ్డీని విడుచుట. మా ఖాతాలలో ఈ యేటినుండి విడిచితిమి. ఇది దానము కాదు. మనము పడవలసిన భారములో మన వంతు.

మా గిడ్డంగి దీపము నేడు ఆ నాలుగు మాసములు వెలుగదు. కావలికి మనిషిని పెట్టుకొంటిమి. ఆ జాలరి పెద్ద మనుమడే. ఇంతవఱకు మూట యొక్కటియు పోలేదు.

సెలవు.