పాలుగారు జెముళ్ళు - కంటికి ముప్పు

మన భాషలో జెముడు అను మాట ఒక్కటే. ఆ పేరు మోయు మొక్కలు మాత్రము రెండు తెగలవి. పొలముగట్లపై అట్టలవంటి పలకలతో, పలకనిండ ముండ్లతో పెరుగునది నాగజెముడు. కంచెకు నాటు ఆకుజెముడు, మూడు నాలుగు అంచుల కాండముగల బొంతజెముడు, పెన్సిలువంటి పచ్చని కాడలతో గుబురుగా ఎదుగు కాడజెముడు వేరొక తెగ. పేరు కలిసినందున మనము వీటినన్నిటిని ఒకే గాట కట్టుచున్నాము. పట్టణములలో మేడలపై కుండీలలో పెంచువారు అన్నిటిని కలిపి కాక్టస్ అందురు. ఈ పొరపాటు పేరుతోనే ఆగిన బాధ లేదు. నాగజెముడును కోసినచో జిగురునీరు వచ్చును. తక్కిన మూటిని కోసినచో తెల్లని పాలు కారును. ఆ పాలు కంటబడినచో చూపునకే ముప్పు. ఈ సంగతి నేను చాలకాలము క్రిందటనే చదివియుంటిని. చదివినదానిని చెప్పవలసిన వేళ చెప్పకపోవుటచే ఏమి జరిగినదో మొదట శ్రోతలకు మనవి చేసెదను.

మా పెరటిగోడ వెంట ఒక కాడజెముడు కలదు. చిన్న కాడగా నాటినది, పదేండ్లలో ఇంటికప్పును అందుకొనెను. ఒక వేసవిలో దాని కొమ్మలు ప్రక్కయింటివారి తీగలపై వాలగా, తోటపని చేయు ఒక పెద్దమనిషిని పిలిపించి, కొట్టివేయుమని చెప్పి, నేను నా ఉద్యోగమునకు వెళ్ళిపోతిని. ఆయన నిచ్చెన ఎక్కి తలకు పైనున్న కొమ్మలను నరికెను. పాలు చేతులపై, భుజములపై, తుండుగుడ్డపై చిందెను. అదే తుండుగుడ్డతో ముఖము తుడుచుకొనెను. సాయంకాలము నేను వచ్చుసరికి ఎడమకన్ను ఎఱ్ఱనై నీరు కారుచుండెను. అడిగితిని. “ఉల్లిపాయ కోసినట్టు కొంచెం మంటగా ఉందండి అయ్యగారూ, పొద్దుటికి సర్దుకుంటుంది లెండి” అనెను. చెంబుతో నీరిచ్చితిని, రెండు దోసిళ్ళు కంట కొట్టుకొని, కూలిడబ్బు తీసికొని వెళ్ళిపోయెను.

ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. ఇరుగుపొరుగువారు చనుబాలు వేయించిరి. మరునాడు ఏదో ఆకుపసరు పిండిరి. మూడవనాడు వారి అమ్మాయి వచ్చి, “మా నాన్నకి కన్ను తెరుచుకోవటం లేదండీ” అని చెప్పగా, కంటి ఆసుపత్రికి తీసికొనిపోతిని. వైద్యురాలు పరీక్షించి, పాలవలన నల్లగ్రుడ్డు మీది పలుచని పొర ఊడినదనియు, ఆ పుండులో పసరుతో వచ్చిన చీము చేరినదనియు చెప్పిరి. తరువాత నావైపు తిరిగి, “కోయకముందు ఈయనకు ఎవరైనా చెప్పారా?” అని అడిగిరి. నేను బదులు చెప్పలేకపోతిని. మా ఇంటిలో ఆ పాల గుణము ఎరిగినవాడను నేనొక్కడనే.

మూడు వారముల చికిత్సతో చూపు తిరిగి వచ్చినది. అయినను ఒక ప్రక్కగా చిన్న తెల్లని మచ్చ నిలిచిపోయినది. రాత్రివేళ దీపము చుట్టును వలయము కనబడునని ఆయన చెప్పును. నన్ను ఒక్కమాట అనలేదు. “ముప్పై ఏళ్ళుగా కంచెలు కొడుతున్నానండీ, ఎప్పుడూ ఇట్లా కాలేదు” అని మాత్రము అనెను. అనుభవము చేతికి నేర్పు నిచ్చును గాని, కంటికి కవచము కాజాలదు.

ఈ మొక్కల తీక్ష్ణత నేడు కొత్తగా కనుగొన్నది కాదు. శాస్త్రజ్ఞులు వీటి ప్రజాతిని యుఫోర్బియా అందురు. ఇందు సుమారు 2000 జాతులు కలవు. ఉత్తరాఫ్రికాలోని మౌరిటేనియాను క్రీస్తుశకారంభకాలమున ఏలిన రెండవ జూబా రాజు, తన వైద్యుడైన యుఫోర్బస్ పేరును ఇట్టి ఒక మొక్కకు పెట్టెనని ప్రతీతి. ఆ ప్రాంతపు మొక్క పాలను ఎండబెట్టిన జిగురు మందుసరుకుగా చాలకాలము చెలామణి అయినది. దాని పొడి ముక్కునకు తగిలినచో తుమ్ములు ఆగవు; కావుననే సేకరించువారు ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనెడివారు. మన కాడజెముడు సైతము ఆఫ్రికానుండి వచ్చినదే. మలబారు తీరమున దానిని తిరుకళ్ళి అందురు. 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డాములో 12 సంపుటములుగా అచ్చయిన హోర్టస్ మలబారికస్ ఆ పేరును ఐరోపాకు తెలిపినది. లిన్నేయస్ 1753లో ఆ పేరునే గ్రహించి, యుఫోర్బియా తిరుకల్లి అని నామకరణము చేసెను.

మన ఆయుర్వేదమున ఆకుజెముడు స్నుహి. తీక్ష్ణ విరేచన ద్రవ్యములలో దీని పాలకు చరకుడు అగ్రస్థానమిచ్చెను. భగందరమునకు వాడు క్షారసూత్రమును, దారమునకు మరల మరల స్నుహీక్షీరమును పూసియే తయారు చేయుదురు. మాంసమును క్రమముగా కోయగల ద్రవ్యము కంటిపొరను విడిచిపెట్టునా? వైద్యుని చేతిలో మందైనది, తుండుగుడ్డపై ఎక్కినపుడు మందు కాదు.

ఇంతకు ఆ పాలలో నున్న దేమి? మొక్క శరీరమంతటను సన్నని నాళములు వ్యాపించి, వాటిలో పాలు ఒత్తిడితో నిండియుండును. గాయము కాగానే పాలు ఉబికి వచ్చి, గాయమును మూసివేయును. మేయవచ్చిన పశువును, పురుగును తరిమివేయును. మొక్కకు ఇది ఆత్మరక్షణ. ఆ పాలలో ఫార్బాల్, ఇంజెనాల్ తరగతుల రసాయనములు కలవు. ఇవి చర్మమునందలి జీవకణములను రెచ్చగొట్టి వాపును, బొబ్బలను పుట్టించును. మొరాకో దేశపు యుఫోర్బియాలో రెసినిఫెరటాక్సిన్ అను మరియొక పదార్థము కలదు. మన మిరపకాయ కారమును గ్రహించు నాడీద్వారమునే అదియును తెరచును. బలము మిరపకారమునకు కొన్ని వేలరెట్లు. ఆ నాడీద్వారమును కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానమును పంచుకొనెను.

చర్మముపై పాలు పడినవెంటనే మంట పుట్టవలెనని లేదు. కొన్ని గంటలు గడచినపిదప ఎఱ్ఱదనము, వాపు, బొబ్బలు కనబడవచ్చును. సాధారణముగా కొద్దిదినములలో మానును. కంటి సంగతి వేరు. మంట, నీరుకారుట, వెలుతురు చూడలేకపోవుట మొదట కలుగును. కడిగిన తరువాత కూడ బాధ మొదటి దినమున తగ్గుటకు బదులు పెరుగుట కలదు. నల్లగ్రుడ్డు ఉబ్బి చూపు మసకబారును. కంటిలోపలి భాగము సైతము వాచవచ్చును. సకాలమున చికిత్స జరిగినచో పెక్కుమందికి ఒకటి రెండు వారములలో నయమగును. ఆలస్యమైనచో చీముపట్టి మచ్చ మిగులును. చూపు పోవుటయు కలదు. మా తోటపనివానికి “పొద్దుటికి సర్దుకుంటుంది” అనిపించినది ఇందువలననే.

జిల్లేడు పాలు మరియొక విధముగా మోసగించును. వినాయకచవితి పత్రిలో జిల్లేడాకు కలదు. రథసప్తమినాడు జిల్లేడాకులను తలపై నుంచుకొని స్నానము చేయుదుము. ఆకు త్రుంచినచోట పాలచుక్క నిలుచును. అది కంటబడినచో కొందరికి పెద్దగా నొప్పియే ఉండదు. చూపు మాత్రము మంచుపట్టినట్లు మసకబారును. నొప్పి లేదని ఊరకుండరాదు. పూజకు ఆకులు కోయుట పిల్లలకు అప్పగించు తల్లిదండ్రులు ఈమాట గుర్తుంచుకొనవలెను. కాకినాడ సమీపమున కోరంగి మడ అడవులలోని తిల్లచెట్టు కూడ యుఫోర్బియా కుటుంబములోనిదే. దాని శాస్త్రీయనామమైన ఎక్సోకేరియాలోనే గ్రుడ్డివానిని చేయుట అను అర్థము కలదు.

మేడలపై ఎడారి గులాబియను పేర పెంచు అడీనియము రసము, ఆఫ్రికాలో బాణములకు పూసిన విషము. కిత్తనార మట్టల రసములో సూదులవంటి సన్నని స్ఫటికములుండి చర్మమును గ్రుచ్చును. కలబంద గుజ్జు చల్లనిదే. పైతోలు క్రింద నుండి కారు పసుపుపచ్చని చేదురసము మాత్రము కొందరి చర్మమునకు పడదు. నాగజెముడునకు పాలు లేకున్నను, దాని పలకలపై నూగువంటి ముండ్లు గుత్తులుగా నుండును. అవి వ్రేళ్ళకంటుకొని కంటికి చేరగలవు.

పాలుగల జెముడును గుర్తించుట కష్టము కాదు. కాక్టసు ముండ్లు దూదివంటి చిన్న మెత్తపైనుండి పుట్టును. ముండ్లుగల జెముడులో చాలవరకు జంటలుగా, మెత్త లేకయే, అంచులపై మొలచును. కాడజెముడునకు ముండ్లే ఉండవు. అందుచే అది సాధువని భ్రమపడుదురు. సందేహమున్నచో దూరమునుండి సూదితో గ్రుచ్చి చూచినచో తెల్లని చుక్క నిజము చెప్పును. నర్సరీలో మొక్క కొనునపుడే, పాలు కారునా అని అడుగుట మేలు.

కోయవలసివచ్చినపుడు చేయవలసిన పనులు కొన్ని కలవు. కంటిని నలువైపుల మూయు అద్దములు పెట్టుకొనవలెను. మామూలు కళ్ళజోడు చాలదు. చేతులకు రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండవలెను. గుడ్డతొడుగులు పాలను పీల్చి చర్మమునకు అంటించును. తలకు పైనున్న కొమ్మను క్రిందనుండి నరుకరాదు. కొమ్మకు సమానమైన ఎత్తున నిలిచి, గాలికి ఎదురుగా గాక, కొద్దికొద్దిగా కోయవలెను. పని ముగియువరకు ముఖము తాకరాదు, చెమట తుడువరాదు. పాలు నీటిలో కరగవు. ఎండినచో రబ్బరువలె పట్టుకొనును. కావున తడిగానున్నపుడే సబ్బుతో, రెండు మారులు కడుగవలెను. కత్తిని, తొడుగులను, బట్టలను కూడ అట్లే కడుగవలెను. నరికిన కొమ్మలను వీధిలో వేయరాదు. పిల్లలు ఆడుకొందురు, పశువులు త్రొక్కును. కాల్చుటయు మంచిది కాదు. ఆ పొగ కూడ కన్నులను, గొంతును బాధించును.

పాలు కంట పడినచో ఆ క్షణమే, రెప్పలను తెరచి, పరిశుభ్రమైన నీటిధారతో 15 మొదలు 20 నిమిషముల వరకు ఆపక కడుగవలెను. నేనిచ్చిన చెంబెడు నీరు ఏమూలకును చాలదు. నలుపరాదు. కంటిలో కటకములు ధరించువారు చేతులు కడుగుకొని వాటిని తీసివేయవలెను. చనుబాలు, ఆముదము, పసరు, ఇంటిలో మిగిలిన చుక్కలమందు, ఏదియు వేయరాదు. కొన్ని చుక్కలమందులలోని స్టిరాయిడు, వైద్యుని పర్యవేక్షణ లేనిచో, కీడు చేయును. నొప్పి తగ్గినను అదేదినమున కంటివైద్యునికి చూపించవలెను. మొక్కముక్కను మూసిన సంచిలో తీసికొనిపోయినను, ఫొటో చూపించినను వైద్యునికి సహాయమగును. నోట పడినచో పుక్కిలించి ఆసుపత్రికి పోవలెనే గాని, వాంతి చేయించరాదు.

ఆ కాడజెముడును నేను తీసివేయించలేదు. మొక్క తప్పేమియు లేదు. ప్రహరీతలుపు ప్రక్క ఒక కొయ్యపెట్టెలో కంటియద్దములు, తొడుగులు, సబ్బు ఉంచితిని. ఆ పెద్దమనిషియే నేటికిని వచ్చి దానిని కత్తిరించుచున్నాడు. మొదటి కొమ్మ కోయకముందు నన్ను చూచి, “మీరు దూరంగా జరగండి అయ్యగారూ, పాలు చిందుతాయి” అని హెచ్చరించును. ఆ మాట ఆనాడు నేను ఆయనకు చెప్పవలసినది. మీ ఇంట ఇట్టి మొక్క ఉన్నచో, దానిని కోయబోవు మనిషికి, కత్తి ఇచ్చుటకు ముందే మీరు చెప్పుడని ప్రార్థించుచున్నాను.