విశ్రాంత జీవితమునుండి చూచిన నేటి కాలము

(శతవార్షికోత్సవ సభలలో పింఛనుదారుల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో ఒక గంట పింఛనుదారులకు కేటాయించి, నేటి పరిస్థితులను గూర్చియు మా తరమును గూర్చియు మాట్లాడుమని కార్యదర్శిగారు కబురు పంపినారు. మాలో ఎక్కువమంది ఉపాధ్యాయులు. తక్కినవారు నర్సులు, గుమాస్తాలు, రైల్వేలోను తపాలా శాఖలోను పనిచేసినవారు. ఉపాధ్యాయుని చేతికి గంట ఇచ్చిన గంటన్నర తీసుకొనునని కార్యదర్శిగారు ఎరుగుదురు. అయినను క్లుప్తముగా ముగించుటకు ప్రయత్నిస్తాము.

ఆరాధన అయిన తరువాత గుడి అరుగుమీద మేము చెప్పుకొను కబుర్లలో అన్నిటికంటె ఎక్కువగా వినబడునది "మా కాలములో" అను మాట. మా కాలములో పిల్లలకు భయభక్తులుండేవి, అధికారులు నీతిమంతులు, దేశము నెమ్మదిగా ఉండేది, సంఘములో తగవులు లేవు, ఇట్లు సాగుతుంది. ఇది ఎంతవరకు నిజమో మొదట చూడవలసి ఉన్నది.

మాలో పెద్దవారు స్వాతంత్ర్యమునకు కొంచెము ముందు పుట్టినారు. చిన్నవారు దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన 1947 సెప్టెంబరు 27 తరువాతి పది పదునైదేండ్లలో పుట్టినారు. మేము బడికి పోవునాటికి దేశములో తిండి కరువు. 1965, 1966 సంవత్సరములలో వానలు లేక అమెరికానుండి ఓడలమీద గోధుమలు వచ్చినవి. బడిలో మధ్యాహ్నము గోధుమ నూక ఉప్మా పెట్టి, పొడి కలిపిన పాలు పోసేవారు. ఆ పాల వాసన మాలో కొందరికి నేటికిని గిట్టదు. 1969లో తెలంగాణ ఉద్యమము, 1972లో జై ఆంధ్ర ఉద్యమము వచ్చి కళాశాలలు నెలల తరబడి మూతపడినవి. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించినారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది. 1983లో కొత్త ప్రభుత్వము వచ్చి పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించగా, మా సీనియర్లు పిల్లల పెండ్లిండ్లు కాకముందే ఇంటికి పోవలసివచ్చినది. తరువాత దానిని మరల 58 చేసినారు. ఇది నెమ్మదియైన కాలమని ఎవరనగలరు? సంఘములో తగవులు లేవను మాటకు మన పాత మినిట్సు పుస్తకములే సమాధానము చెప్పును. ఒకసారి తెరిచి చూడవచ్చును.

కాలము మంచిది కాదు గాని, ఆ కాలములో మమ్మును ఎత్తుకొని నడిచిన చేతులుండినవి. తేడా అక్కడ ఉన్నది.

మా తల్లులు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చేవారు. వారిలో అధికులు కూలికి పోయినవారే. కూలి దొరకని దినమున వండినది కొంచెమైనను, కుండలో పిడికెడు పడవలసినదే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమునకు తొలి భారతీయ బిషప్పైన అజరయ్య గారు, దోర్నకల్ నుండి పనిచేసిన కాలమంతయు, పల్లె సంఘము పరదేశపు డబ్బుమీద గాక తన కాళ్ళమీద తాను నిలువవలెనని పట్టుబట్టినారు. ఆ పిడికెటి బియ్యము ఉపదేశిని పోషించినది. ఉపదేశి రాత్రి బడిలో మాకు అ ఆలు దిద్దించినాడు. అక్కడనుండి బోర్డింగు.

బోర్డింగు అనగానే మాలో ముసలివారి ముఖములు వెలుగుతవి. అక్కడ సుఖమేమియు లేదు. జొన్నన్నము, పలుచని పులుసు, రేకు పెట్టె, సొట్టపడిన పళ్ళెము. తెల్లవారకముందే గంట. ఒక లాంతరు చుట్టును ఎనిమిదిమంది చదువు. వార్డెను గారి బెత్తము. కాని పాలేరు కొడుకు అక్కడ గొడ్లవెంట పోక పదవ తరగతివరకు చదివినాడు. కూలివాని కూతురు నర్సు శిక్షణకు పోయినది. అటుపిమ్మట ట్రెయినింగు స్కూలు, ఎయిడెడ్ బడిలో ఉద్యోగము, జీతమునకు ప్రభుత్వపు గ్రాంటు, చివరకు పింఛను. ఒక మెట్టు తరువాత ఒక మెట్టు ఉండినది. మేము కష్టపడి ఎక్కినాము, నిజమే. మెట్లను కట్టినది మాత్రము మేము కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. దీనిని మనలో నలుగురిలో మాట్లాడుకొనుట తక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో 1970లో వచ్చిన వెనుకబడిన తరగతుల జాబితాలో మనవారిని సి వర్గముగా పెట్టి ఒక్క శాతము ఇచ్చినారు. బిడ్డను బడిలో వేయునాడు రిజిస్టరులో ఏ మాట వ్రాయించవలెనను చింత ప్రతి తండ్రికిని ఉండేది. కొందరు క్రైస్తవుడనియే వ్రాయించి ఆ ఒక్క శాతములో నిలబడినారు. కొందరి ఇంట గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. మీ విశ్వాసము అంత పలుచనిదా అని నేటి యవ్వనస్థులు కొందరు అడుగుతున్నారు. బాప్తిస్మము పొందిన దినమున ఊరి బావి దగ్గరి నియమము మారలేదు. పెద్ద వీధిలో చెప్పులు విప్పి నడువవలసిన కట్టుబాటును మారలేదు. ఒక పేరు ఉంచుకొన్నవారును, రెండు పేర్లు మోసినవారును దానికి వెల చెల్లించినారు. ఆ వెల ఎరుగనివారు ఇరువురిలో ఎవరికిని తీర్పు తీర్చకుందురు గాక. ఆ ఉత్తర్వుమీద 2004లో సుప్రీంకోర్టుకు వ్యాజ్యము పోయినది, 2007లో రంగనాథ మిశ్రా కమిషను మతమును బట్టి భేదము చూపరాదని సిఫారసు చేసినది, 2022లో బాలకృష్ణన్ కమిషనును వేసినారు. దీనిని గూర్చి చదివి తెలిసికొనవలసిన పని యవ్వనస్థులది. వారు అడిగినచో చెప్పవలసిన పని మాది.

ఇక నేటి కాలము. సెల్ ఫోను పట్టుకొని కూర్చుంటారు, గుడికి ఆలస్యముగా వస్తారు, కుదురుగా ఒక ఉద్యోగములో ఉండరు అని యవ్వనస్థులను మేము గద్దిస్తున్నాము. కుదురుగా ఉండుటకు ఉద్యోగమేది? ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి డి.యస్.సి. తరువాత మరల నియామకములు జరిగినది 2025లో. 16,347 ఉద్యోగములకు లక్షలాదిమంది పోటీపడినారు. 1998 డి.యస్.సి.లో అర్హత పొందిన కొందరికి 2023లో ఉద్యోగమిచ్చినారు. అప్పటికి వారికి తలలు నెరసినవి, కొందరు బట్టలమూట సైకిలుమీద కట్టుకొని అమ్ముకొని బ్రదికినారు. పదవీ విరమణ వయస్సు ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయినది. తెలంగాణలో 2021లో 61 అయినది. ఉన్నవారికి సంతోషమే. బయట వరుసలో నిలిచినవానికి అది మరి కొన్ని ఏండ్ల నిరీక్షణ.

ఉద్యోగము వచ్చినవాని సంగతియు మా సంగతి వంటిది కాదు. మాకు చివరి జీతములో సగము పింఛను. కరువు భత్యము పెరిగినప్పుడెల్ల అదియు పెరుగును. మా వెనుక భార్యకో భర్తకో కుటుంబ పింఛను. 2004 సెప్టెంబరు 1 తరువాత రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగములో చేరినవారికి ఈ ఏర్పాటు లేకపోయినది. వారి జీతములోనుండి నూటికి పది రూపాయలు పట్టి, ప్రభుత్వపు వాటా కలిపి, ఆ సొమ్మును మార్కెట్టులో పెట్టినారు. దానిమీద ఆందోళనలు జరుగగా ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఒక చట్టము, కేంద్ర ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 1 నుండి మరియొక పథకము వచ్చినవి. ఏది వచ్చినను మాది మాదే, వారిది వారిదే. ఒకే బడిలో, ఒకే గదిలో, ప్రక్కప్రక్క కుర్చీలలో ఇద్దరు ఉపాధ్యాయులు కూర్చొని ఒకే పాఠము చెప్పినారు. ఒకరి ముసలితనమునకు పూచీ ఉండినది, రెండవవారికి లేదు. ప్రైవేటు బడి పంతులుకు ఈ మాత్రమును లేదు. 2020 మార్చి 25 నుండి బడులు గుడులు అన్నియు మూతపడినప్పుడు మా పింఛనులో కొంత భాగము కొంతకాలము ఆపినను తరువాత ఇచ్చినారు. జీతము నిలిచిపోయిన ప్రైవేటు ఉపాధ్యాయులు కూరగాయల బండ్లు తోసినారు, ఉపాధి హామీ పనికి పోయినారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చుటకు పూనుకొన్నది. మన పిడికెటి బియ్యము అప్పుడు ఏ మూల ఉండినదో స్త్రీల మైత్రివారు మాత్రమే చెప్పగలరు. వారు ఏదో చేసినారు, చెప్పుకొనలేదు.

పరదేశములలోనున్న పిల్లల విషయము మరియొకటి. మాలో సగముమందికి మనుమలు ఫోనులోనే పెరుగుతున్నారు. అమెరికా సంపాదన చూచి అసూయపడువారు, అక్కడి పిల్లల గుండె దడ ఎరుగరు. 2025 సెప్టెంబరులో హెచ్ వన్ బి వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని ప్రకటించిన రాత్రి, మన పల్లెలలో ఎన్ని ఇండ్లలో దీపము ఆరలేదో మాకు తెలుసును.

వార్తలను గూర్చి ఒక మాట. మా పడుచుతనములో రేడియోలో వార్త సాయంత్రము వినేవారము, పత్రిక మరునాడు చూచేవారము. ఉప్పెన వార్త వినినప్పుడు పాత బట్టలు, బియ్యము మూటలు కట్టి అవనిగడ్డ దిక్కునకు లారీలెక్కినవారు మాలో ఉన్నారు. వార్త తక్కువ, పని ఎక్కువ. ఇప్పుడు తెల్లవారి లేచినది మొదలు టి.వి.లో అరుపులు, ఫోనులో సందేశములు. పింఛనుదారునికి తీరిక ఎక్కువ కనుక కోపమును ఎక్కువ. 2020 ఏప్రిల్‌లో, ఢిల్లీలో ఒక మత సభకు వచ్చినవారే వ్యాధిని కావలెనని అంటిస్తున్నారని సందేశములు ఊరూర తిరిగినవి. పింఛనుదారుల గుంపులలోను తిరిగినవి. ఆ సభకు వచ్చిన పరదేశీయులమీది కేసులను ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము కొట్టివేసి, వారిని బలిపశువులను చేసినారని చెప్పినది. ఆ తీర్పును గుంపులలో పంపినవారు అరుదు. మనము ఈ దేశములో కొద్దిమందిమి. మనమీద పుకారు పుట్టిననాడు పొరుగువాడు విచారించి నమ్మవలెనని కోరుకొందుము గదా. పొరుగువానిమీది పుకారును మనము విచారింపక నమ్ముట ఎట్లు?

ముసలితనమును గూర్చి గ్రంథములో చాలమంది ఉన్నారు గాని, మాకు నచ్చినవాడు బర్జిల్లయి. దావీదు కొడుకు చేతిలో రాజ్యము పోగొట్టుకొని పారిపోయి మహనయీములో ఉండగా, ఈ గిలాదు పెద్దమనిషి పడకలు, గోధుమలు, యవలు, పప్పులు తెచ్చి రాజును, రాజుతోనున్నవారిని పోషించినాడు. రాజు తిరిగి పోవునప్పుడు, యెరూషలేమునకు నాతో రమ్ము, నా బల్లయొద్ద భోజనము చేయుమని పిలిచినాడు. బర్జిల్లయికి అప్పుడు ఎనుబది ఏండ్లు. నాకు రుచి తెలియదు, పాట వినబడదు, నీకు భారమగుదునే గాని పనికిరానని చెప్పి, తన తలిదండ్రుల సమాధి ఉన్న ఊరిలోనే ఉందునని సెలవు తీసుకొన్నాడు. తన స్థలములో కింహాము అను పడుచువానిని పంపినాడు. రాజు ఏ మేలు చేయదలచునో అది ఇతనికి చేయుమన్నాడు. అయితే యొర్దాను దాటువరకు రాజు వెంట నడిచినాడు. ఇంటినుండియే చేయి ఊపి పంపలేదు.

మన పాస్టరేటు కమిటీలలో డెబ్బది దాటినవారు ఎందరున్నారో లెక్కించి చూడుడి. వీరు పనికిమాలినవారని మా భావము కాదు. లెక్కలు బాగుగా వ్రాస్తారు, నియమావళి కంఠస్థము. కాని ముప్పది ఏండ్ల వాడు సంఘములో చేయు పని కుర్చీలు సర్దుటయు, మైకు పెట్టుటయు మాత్రమే అయినచో, వాడు కుర్చీలు లేని చోటికి పోవును. పోవుచున్నారు. ప్రతి వీధిలో వెలసిన కొత్త మందిరములలో మన ఇంటి పిల్లలే గిటారు వాయిస్తున్నారు. వారిని బోధ భేదముచేత పోగొట్టుకొన్నామని కొందరంటారు. చోటు లేక పోయినారని మా అభిప్రాయము. దీనిమీద మాలోనే ఏకాభిప్రాయము లేదు, గత మంగళవారము రెండు గంటలు వాదించుకొన్నాము.

వాదము తరువాత మాలో పదకొండుమంది ఒక కాగితము వ్రాసినారు. డెబ్బది ఏండ్లు నిండినవారము వచ్చు ఎన్నికలలో కమిటీకి నిలువము. అడిగినచో పాత లెక్కలు, భూముల దస్తావేజులు ఎక్కడెక్కడ ఏమున్నవో కూర్చుండి చెప్పుదుము. ప్రతి నెల పింఛనులో ఒక దినపు భాగము, అనగా ముప్పదవ వంతు, ఉద్యోగ పరీక్షలకు చదువుకొను మన పల్లెల పిల్లల భోజనమునకు ఇచ్చెదము. పాత బోర్డింగు హాలు పైకప్పు బాగుచేసినచో వారు అందులో ఉండవచ్చును. మాలో లెక్కలు, ఇంగ్లీషు చెప్పినవారు సాయంత్రము అక్కడ పాఠములు చెప్పుదురు. పాఠ్యప్రణాళిక మారినదని యవ్వనస్థులు మమ్మును హెచ్చరించినారు. పుస్తకములు తెప్పించుకొన్నాము, చదువుకొంటున్నాము.

కాగితము కార్యదర్శిగారి బల్లమీద ఉన్నది. సంతకములకు క్రింద చోటు విడిచినాము. కలము కూడ ప్రక్కనే పెట్టినాము.